మితమంటే మిత్రుడు కాదు

గానుగ చుట్టూ పన్నెండేళ్ళు తిరిగిన ముసలి ఎద్దు పుల్లడు. ఎంత నడిచినా బయలుదేరిన చోటికే చేరేవాడు. ఆ బతుకంటేనే విసుగొచ్చేసింది పాపం.

ఒకరోజు కడుపుబ్బి కూలబడ్డాడు. పశువుల డాక్టరు వచ్చి, "వయసు మళ్ళింది. ఇక మితాహారమే" అన్నాడు.

"కోలుకుని లాగిందా సరే, లేదా సంతకి తోలెయ్యడమే" అన్నాడు గానుగ యజమాని నూకయ్య.

సంతకెళ్ళిన ముసలెద్దు తిరిగొచ్చిన దాఖలా లేదు. అది పుల్లడికి తెలుసు. మర్నాడు మధ్యాహ్నం మనుషులు కునుకు తీస్తుండగా అతణ్ణి మావా అని వరస కలిపి పిలిచే నక్క తడిక కంతలోంచి దూరింది. "మితాహారమంటే ఏమిటల్లుడూ?" అని అడిగాడు పుల్లడు.

"ఇంతేనా మావా! మితమంటే మిత్రమే. నోరు తిరక్క జనం రకారం మింగేశారు. మితాహారమంటే మిత్రుడు తినే ఆహారం. నీ తొట్టి నేను ఖాళీ చేస్తే నీ ఒళ్ళు తేలికపడుతుంది."

"మరి నాకు?"

"గడ్డి లేదూ? ఒక పూట తిన్నవాడు యోగి అన్నారు!"

వాదించే ఓపిక ఎక్కడిది? పుల్లడు పక్కకి జరిగాడు. రోజూ నానబెట్టిన తెలగపిండంతా నక్క పాలైంది. పదిరోజులకి పుల్లడు కాడి కిందే మోకరిల్లాడు.

డాక్టరు మళ్ళీ వచ్చి, "మితమంటే మాడ్చమన్నానా?" అని కసిరాడు.

"గంపెడు పెడుతున్నానండీ" అంది నూకయ్య భార్య పైడితల్లి.

"కొలత లేకుండా గుమ్మరిస్తే అది అమితం. మితమంటే కొలత, తల్లీ! పూటకో మానిక కొలిచి పెట్టు."

"వచ్చే సంతదాకా చూస్తాను" అన్నాడు నూకయ్య.

పుల్లడు చెవులు రిక్కించి అంతా విన్నాడు. కోపం తెచ్చుకోడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. పైడితల్లి కొలిచి పెట్టిన మానికెడూ తినేసి, నక్క కోసం చూశాడు.

"తొట్టి ఖాళీయేం మావా?"

"ఈసారి డాక్టరు ఇంకో మాటన్నాడు అల్లుడూ. అమితాహారమట. అర్థమేమిటో?"

నక్క కళ్ళు మెరిశాయి. "అ అంటే అంతా! అంతా మిత్రుడికే!"

"పండితుడివి, నీ మాట కాదంటానా? ఆ మూల బస్తా ఉంది. కానీ."

నక్క ఎండు తెలగపిండి సగం బస్తా లాగించింది. గొంతెండి కుడితి గోళెంలో మూతి పెట్టింది. తాగినకొద్దీ లోపల పిండి పొంగింది. పొట్ట డప్పులా బిగిసి, లేవలేక దొర్లుతూ మూలిగింది. ఆ మూలుగుకి పైడితల్లి రోకలితో వచ్చింది.

"మావా, కాపాడు!"

"అ అంటే లేదని అల్లుడూ. అమితమంటే కొలత లేదని" అన్నాడు పుల్లడు నీరసంగా. ఆపై రోకలి పని రోకలి చేసింది.

పూటపూటా మానికెడు తిన్నాక, సంతరోజు పొద్దున నూకయ్య కాడి ఎత్తాడు. పుల్లడు నిట్టూర్చి, మెడ వంచి, లాగాడు. గానుగ కదిలింది.

నీతి: నీ పొట్టకి కొలత నువ్వు తెలుసుకో, పక్కవాణ్ణి అడిగితే వాడి పొట్టకే కొలుచుకుంటాడు.