నక్క మావయ్య జోలపాట

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరుండే చోట కోడి అంటే అట్టపెట్టెలో వచ్చేదే కదా! అందుకని మొదలుపెట్టే ముందే ఒక మాట చెప్పేస్తాను. గంప అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద బుట్ట. దాన్ని నేలమీద బోర్లిస్తే కోళ్ళకు ఇల్లు. ఒక పక్క అంచు కింద కర్రముక్క నిలబెట్టి ఎత్తి ఉంచితే అదే గుమ్మం. ఆ కర్రముక్కను మాత్రం మరిచిపోకండి, దానితో పనుంది.

ఒక రైతు దొడ్లో చుక్కల పెట్ట ఒకటి ఉండేది. దానికి ఐదుగురు పిల్లలు. గింజ, నూక, తవుడు, చిట్టు, ఊక. పేర్లు చూసి మెత్తని పిల్లలనుకునేరు. తెల్లారిందంటే తల్లికి ఊపిరి సలపనిచ్చేవాళ్ళు కాదు.

"అమ్మా, వానపాముకి తల ఎటుంటుంది?" అనేది గింజ.

"అమ్మా, ఆకలి!" అనేది నూక, నోట్లో ఉన్నది మింగకుండానే.

"అమ్మా, చిట్టు నన్ను చూసింది!" అని ఫిర్యాదు తవుడుది.

"చూడలేదు, కళ్ళు తెరిచానంతే!" అని చిట్టు.

అందరికన్నా చిన్నది ఊక. అది ఏమీ అనేది కాదు. తల్లి ఎక్కడ కాలు పెడితే అక్కడ ఆ కాలికిందే ఉండేది.

పెట్ట మంచి తల్లి. కాస్త మరీ మంచి తల్లి. పిల్లలకు పెట్టే ప్రతి పురుగునూ ముందు తాను రుచి చూసేది. రాత్రి గద్ద కలలో వస్తే పొద్దున లేచి ఆకాశానికి ఇంకో రెండు చూపులు ఎక్కువ చూసేది. పిల్లల ముందు అబద్ధం ఆడకూడదని ఒట్టు పెట్టుకుంది. ఇంతా చేసి దానికి ఒక సిగ్గు ఉండేది. మధ్యాహ్నం పిల్లల్ని గంపలోకి తోలి, పడుకోబెడదామని పక్కన ఒరిగేది. ఒరిగాక మొదట గుర్రు పెట్టేది తనే! కళ్ళు తెరిచేసరికి నూక దాని వీపు మీద, తవుడు నెత్తి మీద ఉండేవి.

"ఏమే చుక్కా," అని నవ్వేది కొట్టంలో కట్టేసి ఉన్న గేదె, నెమరు వేస్తూ. "నువ్వు పిల్లల్ని పడుకోబెడుతున్నావా, పిల్లలు నిన్ను పడుకోబెడుతున్నారా?"

"అలా అనకు గేదత్తా, అసలే నాకు దిగులు. ఏ తల్లయినా పిల్లలకన్నా ముందు నిద్రపోతుందా?"

"అడిగి చూడు, ఎవరైనా నిజం చెబుతారేమో," అనేది గేదె.

అవి నాట్ల రోజులు. ఇంటిల్లిపాదీ పొలంలోనే ఉండేవాళ్ళు. మధ్యాహ్నానికి ఇల్లాలు నాగరత్నం అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని పొలానికి వెళ్ళేది. చివరి ముద్ద తనకే పెడుతుందని కుక్క వీరన్న కూడా ఆమె వెనకే వెళ్ళేవాడు. వాళ్ళు తిరిగొచ్చేదాకా దొడ్లో కాపలా ఎవరూ ఉండేవాళ్ళు కారు. ఈ సంగతి కంచె అవతలి నక్క కనిపెట్టేసింది.

ఒక మధ్యాహ్నం వీరన్న తోక మలుపు తిరిగిందో లేదో, కంచె సందులోంచి నక్క దొడ్లోకి దిగింది. దిగి, గంపకూ కంచెకూ మధ్య తీరిగ్గా చతికిలబడింది. ఇక పారిపోవడానికి దారి లేదు. గేదె ఒక్కసారి పలుపు గుంజి చూసింది. పలుపు తెగలేదు.

"ఏం చెల్లెమ్మా, బాగా చిక్కిపోయావే!" అంది నక్క. "ఇంతమంది పిల్లలతో ఒక్కదానివే ఎలా వేగుతున్నావు? నువ్వు కాసేపు అలా నడుం వాల్చు. పిల్లల్ని నేను చూసుకుంటాను. నాకు పిల్లలంటే ప్రాణం."

"తెలుస్తూనే ఉంది అన్నయ్యా. నీ మూతి వెంట కారుతోంది," అంది పెట్ట.

పైకి అలా అంది గానీ, లోపల దాని బుర్ర పరిగెడుతోంది. అరిస్తే వినేవాళ్ళు లేరు. వీరన్న వచ్చేదాకా ఎలాగోలా పొద్దు గడపాలి. కానీ అబద్ధం ఆడకూడదే! ఐదుగురు పిల్లలూ తన నోటివంకే చూస్తున్నారు.

"చూసుకుంటానంటే నాకు సంతోషమే," అంది. "కానీ ఉన్నమాట చెబుతాను అన్నయ్యా. మెలకువగా ఉంటే వీళ్ళు ఎవరికీ చిక్కరు. ఒకళ్ళని పట్టుకున్నావా, మిగతావాళ్ళు ముళ్ళకంచెలోకి దూరేస్తారు. ఐదుగురూ ఒక్కచోట దొరికేది నిద్రలోనే."

నక్క కళ్ళు మిలమిల్లాడాయి. ఒక్కటి కాదు, ఐదు! ఆ పైన తల్లి!

"అయితే పడుకోబెట్టేద్దాం. అదెంత పని?" అంది.

అంతే, పెట్టకు భయంలోనూ ఒళ్ళు మండింది. అదెంత పనా?

"అయితే విను," అంది. "గింజ ఏదైనా అడిగితే జవాబు చెప్పాలి, లేకపోతే పడుకోదు. నూక కడుపు నిండాలి. తవుడునీ చిట్టునీ పక్కపక్కన పడుకోబెట్టకు. ఊకకు వీపు నిమరాలి, మరీ గట్టిగా కాదు, మరీ మెల్లిగా కాదు. చెయ్యి తీశావా, లేచి కూర్చుంటుంది. పాట ఆపకూడదు. వెలుతురు కళ్ళల్లో పడకూడదు. గాలి ఆడాలి."

ఒక్క ముక్క అబద్ధం లేదు. పైగా చెబుతూ చెబుతూ, ఇది నక్క అన్న సంగతి మరిచిపోయి, "ఊకకు గొంతు గరగరలాడుతోంది, కాస్త చూసుకో," అని కూడా అనేసింది. కొట్టంలో గేదె నెమరు ఆపి నోరు తెరిచింది.

పిల్లలు గంపలోకి దూరారు. నక్క తల లోపల పెట్టి, తోక బయట పెట్టి మొదలుపెట్టింది.

"బజ్జో బజ్జో బంగారు పులుసూ, నిద్దరపో నిద్దరపో నేతి వేపుడూ..."

"మావయ్యా, వేపుడు అంటే ఏంటి?" అంది గింజ.

"అదొక... ముద్దు పేరమ్మా."

"మరి పులుసు?"

"అదీ ముద్దు పేరే."

"రెండిట్లో ఏది ఎక్కువ ముద్దు?"

నక్క నిజంగానే ఆలోచనలో పడింది.

"మావయ్యా, ఆకలి!" అంది నూక. నక్క పరుగున వెళ్ళి కుడితి తొట్టి పక్కన మట్టి గీకి వానపాములు తెచ్చింది. నూక తిన్నది. నూక తిన్నదని తవుడు, తవుడు తిన్నదని చిట్టు, తమకు చిన్నవి వచ్చాయని అందరూ. నక్క మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. అప్పటికి దాని మూతి నిండా మట్టే.

"మావయ్యా, చిట్టు నా గాలి పీలుస్తోంది!"

"పీల్చడం లేదు, వదులుతున్నా!"

"ఒసే, ఇటు తిరిగి పడుకో! నువ్వు అటు తిరుగు!"

"అటు తిరిగితే బద్దలు కనబడుతున్నాయి మావయ్యా."

"బద్దలు కనబడితే ఏమైంది?"

"ఏమీ అవడం లేదు, అందుకే నిద్ర రావడం లేదు."

గంప బయట పెట్టకు నవ్వొస్తోంది, గుండె దడదడలాడుతోంది, రెండూ ఒకేసారి. ఎండ ఇంకా దిగలేదు. పొలం దారిలో వీరన్న జాడ లేదు. ఇంతలో లోపల చప్పుడు తగ్గింది. పెట్ట బద్దల సందులోంచి తొంగిచూసింది. గింజ పడుకుంది. నూక కడుపు నిండి పడుకుంది. తవుడూ చిట్టూ ఒకదాని మీద ఒకటి కాలు వేసుకుని మరీ పడుకున్నాయి!

"ఇదేం విడ్డూరం దేవుడా!" అనుకుంది పెట్ట. రోజూ బతిమాలినా పడుకోని పిల్లలు ఇవాళే బుద్ధిమంతులవ్వాలా! నిద్రపోనివ్వు తండ్రీ అని రోజూ మొక్కే దేవుడికే, నిద్రపోనివ్వకు తండ్రీ అని మొక్కింది.

ఇక ఊక ఒక్కతే మిగిలింది. నక్క దాని వీపు నిమురుతోంది, గట్టిగా కాదు, మెల్లిగా కాదు. ఊక కళ్ళు బరువెక్కాయి. మూతపడ్డాయి. పెట్ట రెక్కలు విప్పి, నక్క మీదికి ఉరకడానికి సిద్ధమైంది. చచ్చినా సరే, ముందు వీడి కళ్ళు పొడవాలి.

అప్పుడు నక్క ఏ తల్లీ చెయ్యని పొరపాటు చేసింది. నడుం పట్టుకుని, సంతోషం ఆపుకోలేక, "హమ్మయ్య! పడుకున్నారు!" అని పైకి అనేసింది.

పది కళ్ళూ తెరుచుకున్నాయి.

"తెల్లారిందా మావయ్యా?" అంది గింజ.

"ఆకలి!" అంది నూక.

నక్కకు ఏడుపొచ్చింది. "చెల్లెమ్మా," అంది దీనంగా, తల బయటకు పెట్టి, "మళ్ళీ మొదట్నుంచా?"

"మళ్ళీ మొదట్నుంచే అన్నయ్యా."

"నువ్వైతే ఏం చేస్తావు?"

నక్కే అడిగింది కాబట్టి పెట్ట చెప్పింది. ఉన్నదున్నట్టే చెప్పింది, తల దించుకుని, సిగ్గుపడుతూ. "నేనైతే లోపలికంతా దూరి, వాళ్ళ పక్కనే ఒరుగుతాను అన్నయ్యా."

"ముందే చెప్పొద్దూ!" అంటూ నక్క తోకతో సహా గంపలోకి దూరింది. లోపల గడ్డి వెచ్చగా ఉంది. నీడగా ఉంది. నక్క ఒరిగింది. ఊక వచ్చి మెడకింద దూరింది, నూక వీపు మీదికెక్కింది.

"బజ్జో బజ్జో బంగారు... పులు... నేతి... నే..."

గుర్రు!

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఈ గుర్రు వాళ్ళకు కొత్తా? పెద్దవాళ్ళు పడుకున్నాక ఏం చెయ్యాలో ఆ ఐదుగురికీ బాగా తెలుసు. అడుగులో అడుగు వేసుకుంటూ ఒక్కొక్కళ్ళే బయటికి జారుకున్నారు. రోజూ పేర్లు పిలిచి లెక్క చూసుకునే తల్లి, ఈసారి నోరెత్తకుండా ముక్కుతో ఒక్కొక్కరి నెత్తి తట్టి చూసుకుంది. గింజ, నూక, తవుడు, చిట్టు... కాలికింద ఊక.

అప్పుడు కర్రముక్కను ఒక్క తన్ను తన్నింది.

గంప దబ్బున పడింది. నక్క ఉలిక్కిపడి లేచింది, లేచిన నక్కతోపాటు గంపా లేచింది. సరిగ్గా అప్పుడే చివరి ముద్ద రుచి నాలుక మీదుండగానే వీరన్న దొడ్లోకొచ్చాడు. కాళ్ళొచ్చిన గంపను వాడు జన్మలో చూడలేదు. రెండు క్షణాలు బిత్తరపోయి, ఆ తరవాత చేసేది చేశాడు. గంప కంచె దాటింది, గట్టు దాటింది, నాట్లు వేస్తున్న మడిలోంచి ఛపఛపా పరిగెత్తింది. వంగి నాట్లు వేసేవాళ్ళు నడుములు ఎత్తి నవ్వలేక మళ్ళీ వంగిపోయారు. నక్క తోక కొసన ఉన్న బొచ్చు మాత్రం వీరన్న నోట్లో మిగిలింది.

"అమ్మా, నువ్వు మావయ్యకు అబద్ధం చెప్పావా?" అంది గింజ.

"లేదమ్మా. అడిగినవన్నీ నిజమే చెప్పాను."

"మరి హమ్మయ్య అనకూడదని చెప్పలేదుగా?"

పెట్టకు అదొక కొత్త దిగులు. "అది అడగలేదు," అంది.

గంప పోయింది కదా, ఆ పూటకు గేదె తన గడ్డి తొట్టి ఇచ్చింది. పిల్లలు అందులోకెక్కారు. వాళ్ళను పడుకోబెడదామని పెట్ట పక్కన ఒరిగింది. మొదట గుర్రు పెట్టింది అదే.

"ష్!" అంది గేదె, పెట్ట వీపెక్కుతున్న నూకతో. "మెల్లిగా ఆడుకోండి. మీ అమ్మ ఇవాళ చాలా పని చేసింది."

నీతి ఒక్కటే: పిల్లల్ని పడుకోబెట్టడం ఎంత పని అనేవాళ్ళకు, ఆ పని ఒక్క మధ్యాహ్నం అప్పజెప్పండి.

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే ఆగిపోనివ్వకండి. రేపు మీ పక్కన ఎవరైనా చిన్నవాళ్ళు నిద్రపోనని మొరాయిస్తే వాళ్ళకు చెప్పండి. చెబుతూ చెబుతూ మీకే కునుకు పట్టేస్తే సిగ్గుపడకండి. మిగిలింది వాళ్ళే కల్పించి ఇంకొకళ్ళకు చెబుతారు.