థాంక్స్ గోడ

తెలివంటే పేరిందేవి కుటుంబానిదే. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. కొత్త గొడుగు తడిస్తే పాడైపోతుందని దాన్ని సంచీలో భద్రంగా చుట్టి, ముగ్గురూ జోరువానలో నడిచొచ్చిన ఘనులు మరి. పేరిందేవి, ఆమె మొగుడు శరభయ్య, చెల్లెలు నూకాలు తణుకులో హైమవతి మేడమ్ పెట్టిన ప్లేస్కూల్లో కొత్తగా చేరారు. పేరిందేవి టీచరు, శరభయ్య వ్యాను డ్రైవరు, నూకాలు ఆయమ్మ.

ఓ నవంబరు పొద్దున మేడమ్ ఒక కాగితం తెచ్చి పేరిందేవి చేతిలో పెట్టింది. "ఈ నెల్లో అమెరికా పిల్లలు థాంక్స్ పండుగ చేసుకుంటారట. మనమూ చేద్దాం. ఏం చెయ్యాలో ఇందులో రాశాను. నాలుగింటికి వచ్చి చూస్తాను. నచ్చితే మీ ఉద్యోగాలు ఖాయం. లేదంటే రేపట్నుంచి ముగ్గురూ ఇంట్లోనే ఉండండి."

టీచరమ్మా అని పిలిపించుకోవాలని పెళ్ళికి ముందునుంచీ పేరిందేవికి కోరిక. "ఇందులో ఒక్క అక్షరం కూడా జారిపోకూడదు" అని ఇద్దరికీ గట్టిగా చెప్పింది.

మొదటిది సీమకోడి బొమ్మ, అదే టర్కీ కోడి. పిల్లల అరచేతికి రంగు పూసి కాగితం మీద అద్దాలి. బొటనవేలు తలవుతుంది, మిగతా వేళ్ళు ఈకలవుతాయి. రంగు ఆరేదాకా చెయ్యి దేనికీ తగలనివ్వకూడదు. అద్దారు, బొమ్మలు ముచ్చటగా వచ్చాయి. ఆ తర్వాత పన్నెండుమంది పిల్లలూ పోలీసులకు చిక్కిన దొంగల్లా చేతులు పైకెత్తి నిలబడ్డారు. ఒకడికి ముక్కు దురద పెట్టింది. అంతే, వాణ్ణి చూసి అందరికీ పెట్టింది. నూకాలు ఈ కొసనుంచి ఆ కొసకి ముక్కులు గోకుతూ వెళ్ళేసరికి మొదటి ముక్కు మళ్ళీ మొదలెట్టేది.

రెండోది మొక్కజొన్న గింజల లెక్క. అయిదేసి గింజలు కుప్ప పోయాలి, తప్పితే మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాలి. శరభయ్య చేసి చూపిస్తానని కూర్చుని నాలుగు తర్వాత ఆరన్నాడు.

"తప్పారు. మళ్ళీ మొదటినుంచి" అంది పేరిందేవి.

"మొదలంటే ఎక్కడే?"

"నిద్ర లేవడం. రోజు మొదలయ్యేది అక్కడే కదండీ."

ఇంకేముంది, శరభయ్య ఇంటికెళ్ళి పడుకుని, లేచి, పళ్ళు తోముకుని, స్నానం చేసి, ఇడ్లీలు తినొచ్చాడు. కూర్చుని మళ్ళీ ఆరన్నాడు. మధ్యాహ్నానికి మూడు స్నానాలయ్యాయి. ఈలోగా చేతులు ఆరిన పిల్లలు గింజలు వాళ్ళే లెక్కపెట్టేసుకున్నారు.

ఇక మిగిలింది థాంక్స్ గోడ. గదికీ వరండాకీ మధ్య మేకులు కొట్టి నిలబెట్టిన ప్లైవుడ్డు గోడ అది. పిల్లలు ఎవరికి థాంక్స్ చెప్పాలనుకుంటున్నారో అడిగి, వాళ్ళని గోడకి అతికించమని కాగితంలో ఉంది.

"వాళ్ళ బొమ్మల్నేమో అక్కా" అంది నూకాలు.

"బొమ్మలని రాస్తే కదా. వాళ్ళని అనుంది. మేడమ్ అంత చదువుకున్నావిడ, ఊరికే రాస్తారా?"

అంతే, శరభయ్య వడ్రంగి జిగురు డబ్బా తెచ్చాడు. ధన్విక్ అనే పిల్లాడు వాళ్ళ మామ్మ పేరు చెప్పాడు. పక్క వీధే కాబట్టి మామ్మ వెంటనే వచ్చింది. "కుర్చీలో కూచోబెట్టి అతికించండమ్మా, మోకాళ్ళు లాగుతున్నాయి" అంది. ఇంకో పిల్ల ఆటో సింహాచలం పేరు చెప్పింది.

"నా బేరాలు పోతాయండీ టీచరుగారూ" అన్నాడు సింహాచలం.

"పసిపిల్ల మనసు కష్టపెడతావా?"

ఆటోకి తాళం వేసొచ్చి అతుక్కున్నాడు. మూడో పిల్లాడు వాళ్ళ మేక అన్నాడు. మేకని అతికిస్తూండగా అది పక్కన ఆరబెట్టిన సీమకోళ్ళ బొమ్మలన్నిటినీ నమిలేసింది. నూకాలు ఏడుపు మొహం పెట్టింది. "ఏడవకు. సీమకోళ్ళు మేకలో ఉన్నాయి, మేక గోడమీద ఉంది. లెక్క సరిపోయింది" అని పేరిందేవి ఓదార్చింది.

నాలుగింటికి మేడమ్ వచ్చింది. వస్తూనే గుమ్మం దగ్గరున్న ఓ చిన్నపిల్ల చేతిలో చాక్లెట్టు పెట్టింది. తర్వాత గోడవైపు చూసి తెరిచిన నోరు మళ్ళీ ముయ్యలేదు. చాక్లెట్టు చప్పరిస్తూ ఆ పిల్ల "నేను మేడమ్‌కి థాంక్స్ చెప్తా" అంది.

ఇంకేముంది, శరభయ్య ఒక రెక్క, నూకాలు ఒక రెక్క పట్టుకున్నారు. మేడమ్ పట్టుచీర ఇంచక్కా గోడకి అతుక్కుంది. మేడమ్ కేక పెట్టి ముందుకు లాగింది, మేక బెదిరి తనూ లాగింది. మేకులు ఊడి గోడ మొత్తం ఊడొచ్చింది. గోడని వీపున మోసుకుంటూ మేడమ్, మామ్మ, సింహాచలం, మేక వరసగా వీధిలోకి నడిచి మలుపు తిరిగిపోయారు.

పేరిందేవికి ఆనందంతో కళ్ళు చెమర్చాయి. "నచ్చితే బాగుందంటారనుకున్నాను. ఏకంగా గోడనే ఇంటికి పట్టుకెళ్ళిపోయారు. ఇక మన ఉద్యోగాలకి ఢోకా లేదు."

"ఒక్క గోడతో ఆవిడేం చేసుకుంటారు పాపం" అన్నాడు శరభయ్య.

అంతే. పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపేసి వచ్చి, ముగ్గురూ మూడు గునపాలు పట్టారు. పొద్దు గుంకేవేళకి మిగతా మూడు గోడలూ వ్యానులో వేసుకెళ్ళి మేడమ్ గుమ్మం ముందు కుప్ప పోశారు. పేరిందేవి కొంగు సర్దుకుని తలుపు తట్టింది.

"ఇవి కూడా మీకేనండీ, మొహమాటపడకండి" అంది.