స్తోయాన్ కొట్టిన మేకు

మీ తాతలకు తాతలు పుట్టకముందు, అనగనగా సెర్బియా కొండల్లో ఒక ఊరు. అంతవరకు ఏలిన సుల్తాను సైన్యాన్ని అప్పుడే తరిమేశారు. మగవాళ్ళందరికీ పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద కత్తులు. ఎవరి కత్తి పొడుగైతే న్యాయం వాళ్ళది.

ఆ ఊరికి నది అవతలి నుంచి స్తోయాన్ వచ్చాడు. చట్టం చదువుకున్నవాడు. బక్కమనిషి, ఎప్పుడూ దగ్గు. ఇంకే పనికీ పనికిరాడని ఊరివాళ్ళు అతన్ని న్యాయాధికారిని చేశారు. వస్తూనే న్యాయస్థానం గుమ్మానికి మేకు కొట్టాడు.

"కత్తి ఇక్కడ, మనిషి లోపల," అన్నాడు.

మొదట విధవరాలు యేలా వచ్చింది. ఊరి దళపతి తమ్ముడు మిలోయే ఆమె పందిని తోలుకుపోయాడు. ఆమెకున్నది ఆ ఒక్క పందే. నడుముకున్న ఉల్లిపాయల కత్తి తీసి మేకుకు తగిలించి, లోపల కూర్చుంది.

తర్వాత మిలోయే వచ్చాడు.

"నేనెవరో తెలుసా?"

"తెలుసు. కత్తి ఇక్కడ, మనిషి లోపల."

మిలోయే వెళ్ళి అన్నతో చెప్పుకున్నాడు, గడ్డం నెరిసిన వయసులో.

మూడోసారి దళపతి రాదోవనే వచ్చాడు. చోద్యం చూడ్డానికి వాకిట్లో మూగిన మీసాలవాళ్ళందరికీ ఒక్కసారిగా పైకప్పు మీద ఆసక్తి పుట్టింది.

"పంతులూ, నన్నే ఆపుతావా?"

"మిమ్మల్ని కాదయ్యా, కత్తిని."

రాదోవన్ కత్తి దూశాడు. "నరికేస్తాను!"

 స్తోయాన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. తీరిగ్గా దగ్గి అన్నాడు: "నరకండి. కాని అది తగిలించి లోపలికొచ్చి నరకండి. ఇక్కడి పద్ధతి అది."

లోపల్నుంచి యేలా కేకేసింది: "నా ఉల్లిపాయల కత్తి అక్కడే ఉందయ్యా! నీదేమన్నా దానికంటే ఎక్కువ పని చేసిందా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వింది తామేనని ఈనాటికీ ఎవరూ ఒప్పుకోరు. నవ్విన ఊరిని నరకడం కష్టం. రాదోవన్ ఉల్లిపాయల కత్తి పక్కనే తన కత్తి తగిలించి, లోపలికెళ్ళి కూర్చున్నాడు. పంది యేలా ఇంటికి చేరింది.

ఆ చలికాలమే దగ్గు స్తోయాన్‌ను తీసుకుపోయింది. పాతిపెట్టి వచ్చేసరికి మిలోయే ఆ మేకు పీకి నదిలో పారేశాడు. తెల్లారేసరికి యేలా ఇంటి గుమ్మానికి ఒక మేకు ఉంది. పక్కింటికీ ఉంది. ఊళ్ళో ప్రతి గుమ్మానికీ ఉంది, చివరికి మిలోయే ఇంటికి కూడా. అది కొట్టింది అతని పెళ్ళామే.

ఇప్పటికీ అక్కడ ఇల్లు కడితే ముందుగా గుమ్మానికి మేకు కొడతారు. ఎంత పెద్దవాడు మీసం దువ్వుకుంటూ వచ్చినా, చంటిపిల్ల సైతం చెయ్యి అడ్డంపెట్టి అంటుంది: "కత్తి ఇక్కడ, మనిషి లోపల."