పై బండ మీద ఏదులమ్మ సవరణ

ఎర్రబండల అడవిలో చట్టాలు చేసే సభలు రెండు. కొండ కింద ఉన్నది కింది బండ సభ, కొండ మీద ఉన్నది పై బండ సభ. కింది బండ మీద అరిచి గీపెట్టి ఏ బిల్లు దాటించినా, అది పై బండ మీద ఇంకోసారి చర్చకు రావాలి. అక్కడ ఏ రూపంలో దాటితే అదే చట్టం. పెద్దలు నిదానంగా కూర్చుని మంచీ చెడూ ఆలోచిస్తారని తాతల కాలంలో చేసిన ఏర్పాటది. ఆలోచన మాట దేవుడెరుగు, అక్కడి పెద్దలు వెలగబెట్టే పని చెబుతాను వినండి. మీకూ ఒళ్లు మండకపోతే నన్నడగండి.

పై బండ మీద పక్షాలు రెండు. నక్క గుంటయ్యది పాలకపక్షం. నక్కలూ తోడేళ్లూ కలిపి ఇరవై మంది. ఎలుగుబంటి బూరయ్యది ఎదుటి పక్షం, పన్నెండు మంది. ఎవరి పంచనా చేరనిది ఒక్కతే, ముళ్లపంది ఏదులమ్మ. వాగు ఒడ్డున బతికే కుందేళ్లూ జింకలూ ఉడుతలూ ఓట్లేసి పంపిన ఇండిపెండెంటు ఆమె. అధ్యక్షుడు తాబేలు చిప్పయ్య. చిక్కు ప్రశ్న వచ్చిందంటే చాలు, ఆయన తల చిప్పలోకి పోతుంది. సభలో ఎవరేమన్నా పొల్లుపోకుండా గుర్తుపెట్టుకునే ఉద్యోగం చిలుకది. చిలుకకు గుర్తున్నదే సభ రికార్డు.

అక్కడ మాట్లాడే సమయం పక్షంలో ఎంతమంది ఉంటే అంత. గుంటయ్య పక్షం పొద్దెక్కేదాకా మాట్లాడుతుంది, బూరయ్య పక్షం ఆ తర్వాత. ఏదులమ్మకి మాత్రం బండ నీడ జానెడు జరిగేంత సేపు, అదీ అందరికన్నా ఆఖర్న, మిట్టమధ్యాహ్నం. "ఇక ఏదులమ్మగారు" అని చిప్పయ్య అనడం ఆలస్యం, సభ్యులంతా లేచి తునికి చెట్టు కిందికి పళ్లు తినడానికి పోతారు. ఖాళీ బండతో, నిద్రకళ్ల తాబేలుతో, ఒక చిలుకతో ఆమె మాట్లాడుకోవాలి. ఒకరోజు కాదు రెండు రోజులు కాదు, పదకొండేళ్లు!

"దక్షిణం గట్టున ఎండుటాకులు ఊడ్పించండి, నిప్పు అంటుకుంటుంది" అని మూడేళ్లు వరసగా అడిగింది మహాతల్లి. నాలుగో ఏడు గట్టు తగలబడింది. పన్నెండు కుందేలు బొరియలు మాడి మసైపోయాయి. ఆ సంగతి చెబుతుంటే ఆమె ముళ్లు కోపంతో గలగలలాడాయి. "ఆ గలగల సభా మర్యాద కాదు, చిలుకా, రికార్డు నుంచి తీసెయ్" అన్నాడు చిప్పయ్య. సిగ్గుండాలి!

ఈ ఏడు ఎండలకి వాగంతా ఇంకిపోయి, ఒక్క మడుగు మిగిలింది. వెంటనే గుంటయ్య "మడుగు రక్షణ బిల్లు" తెచ్చాడు. పేరు వింటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఏడో అంశం చూస్తే కడుపు రగిలిపోతుంది. నీళ్లు తాగాలంటే కావలివాళ్ల అనుమతి కావాలట. ఆ కావలివాళ్లు తోడేళ్లట. కింది బండ మీద బిల్లు ఒక్క పూటలో దాటిపోయింది. పై బండ మీదికి రేపొస్తుందనగా చుక్కల జింక చుక్కమ్మ ఏదులమ్మ దగ్గరికి రొప్పుతూ వచ్చింది. నిండు చూలాలు.

"అక్కా, బిల్లింకా చట్టం కానేలేదు. తోడేళ్లు అప్పుడే మడుగు చుట్టూ చేరాయి. మొన్న మా ఆడబిడ్డ అనుమతి అడగడానికని పోయింది."

"ఇచ్చారా?"

"ఆవిడ తిరిగి రాలేదక్కా."

ఏదులమ్మ ముళ్లన్నీ ఒక్కసారిగా లేచాయి.

"ఇవాళో రేపో ఈనేలా ఉన్నాను" అంది చుక్కమ్మ. "నీళ్లు లేకపోతే నాకు పాలెక్కణ్నుంచి వస్తాయి? నువ్వు చెబితే వింటారా?"

"వినరే."

"మరి ఎవరితో చెప్పుకోను?"

ఏదులమ్మ తిన్నగా బూరయ్య గుహకి పోయింది. "బూరయ్యన్నా, నువ్వు ఎదుటి పక్షం నాయకుడివి గదా. ఏడో అంశం మీద ఒక్క మాట గట్టిగా అనన్నా" అంది.

బూరయ్య మూతి నాక్కున్నాడు. "చెల్లెమ్మా, తేనెపట్ల గుట్ట మా వాళ్లకి వదిలేస్తానన్నాడు గుంటయ్య. ఈసారికి చూసీ చూడనట్టు పోదాం. వచ్చే బిల్లు మీద చీల్చి చెండాడేద్దాం, సరేనా?"

"జింకల ప్రాణాలకి తేనెపట్లా నీ ధర? థూ!" అని వచ్చేసింది.

మర్నాడు సభ మొదలైంది. గుంటయ్య మడుగు మీద ప్రేమ కురిపిస్తూ కంటతడి కూడా పెట్టుకున్నాడు. బూరయ్య లేచి, బిల్లులో కొన్ని మంచి అంశాలున్నాయనీ, కొన్ని లేవనీ అని కూర్చున్నాడు. మధ్యాహ్నమైంది. చిప్పయ్య ఏదులమ్మ పేరు పిలిచాడు. అందరూ లేచారు. గుంటయ్య పోతూ పోతూ ఆమె ముందు ఆగాడు.

"బాగా మాట్లాడండి ఏదులమ్మగారూ! మీ ప్రసంగాలంటే మాకు ప్రాణం. నాలుగు పళ్లు తినొచ్చి చిలుక నోట వింటాంలెండి" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వుతూ చెట్టు కిందికి పోయారు.

బండ ఖాళీ అయ్యాక ఏదులమ్మ లేచింది.

"అధ్యక్షా, ఇవాళ ప్రసంగం లేదు. ఏడో అంశానికి సవరణ ఉంది. అనుమతి అనే మాట తీసెయ్యాలి. దాహమైన ప్రతి ప్రాణీ మడుగులో తాగొచ్చు. కావలి ఏనుగులది. బిల్లు తెచ్చిన పక్షం మాత్రం, మిగతా అందరూ తాగాక, ఆఖర్న తాగాలి."

చిప్పయ్య ఆవలించాడు. "ఒప్పుకునేవాళ్లు అవును అనండి."

"అవును!" అంది ఏదులమ్మ.

"కాదనేవాళ్లు?"

ఈగలు తప్ప ఏదీ పలకలేదు. అయినా అలవాటు కొద్దీ చిప్పయ్య, "సవరణ వీగిపో..." అన్నాడు.

"ఆగండాగండి! కాదన్నదెవరు? చిలుకని అడగండి."

చిలుక చెప్పింది. "అవును, ఒక గొంతు. కాదు, ఒక్క గొంతూ లేదు."

టక్కున తాబేలు తల లోపలికి పోయింది. ఏదులమ్మ వెళ్లి ఆ చిప్పకి ఆనుకుని కూర్చుంది. ముళ్లు కర్రుకర్రుమని గీసుకుంటుంటే లోపలున్న చిప్పయ్యకి ఒళ్లంతా జివ్వుమంది.

"అమ్మా, జరుగమ్మా!" అన్నాడు లోపల్నుంచే. "సభ్యులు లేరు గదా, పోనీ వాళ్లని పిలుద్దామా?"

"పోయిన నెల గుంటయ్య గుట్టల బిల్లుని ఇదే వేళకి మూడు గొంతులతో దాటించుకున్నాడు. నేను అభ్యంతరం పెడితే మీరేమన్నారు? చిలుకా, చెప్పవే!"

చిలుక అచ్చం తాబేలు గొంతుతో పలికింది. "సభలో ఉన్న గొంతే సభ గొంతు. చెట్టు కింద ఉన్నవాళ్లని పిలిచే ఆచారం లేదు."

చాలాసేపటికి తల బయటికొచ్చింది. "సవరణ నెగ్గింది" అన్నాడు చిప్పయ్య నీరసంగా.

అక్కడితో అయిపోలేదు. మొత్తం బిల్లు మీద ఓటు మిగిలే ఉంది. సవరణ సంగతి గుంటయ్యకి తెలిస్తే అదే పూట దాన్ని పీకి పారేస్తాడు, చుక్కమ్మ గొంతు ఎండిపోతుంది.

మూతులు తుడుచుకుంటూ అందరూ తిరిగొచ్చారు. గుంటయ్య కూర్చోబోతూ ఏదులమ్మ వైపు చూశాడు. ఆమె చప్పుడు చెయ్యకుండా కూర్చుని ఉంది. ఎప్పుడూ ఓటు ముందు రుసరుసలాడే మనిషి ఇంత నెమ్మదిగా ఉందేమిటని గుంటయ్య చెవులు నిక్కాయి. "చిలుకా, నేను లేనప్పుడు..." అని మొదలెట్టాడు.

ఏదులమ్మ చటుక్కున లేచి ముళ్లు గలగలలాడించింది. "అధ్యక్షా! ఓటుకు ముందు బిల్లంతా చదివి వినిపించాలి! ఏడో అంశం రెండుసార్లు చదవాలి! చదివేదాకా ఓటు జరగనివ్వను!"

గుంటయ్య మొహం విప్పారింది. "అదీ సంగతి! కాలయాపన! సభ సమయం వృథా చెయ్యడానికి ఇదో ఎత్తు. చదవక్కర్లేదు అధ్యక్షా, ఓటు పెట్టండి!"

"చదవండయ్యా, మీ మంచికే చెబుతున్నా!"

"మీ సమయం అయిపోయింది, కూర్చోండి!" అని ముప్పై రెండు నోళ్లు ఒక్కసారి లేచాయి.

చిప్పయ్య గొంతు సవరించుకున్నాడు. "సవరణతో కూడిన మడుగు రక్షణ బిల్లుని ఒప్పుకునేవాళ్లు?"

"సవరణేంటన్నా?" అన్నాడొక తోడేలు.

"మనదేలే, అరవరా!" అన్నాడు గుంటయ్య.

"అవును!" అని కొండ అదిరేలా అరిచారు. బూరయ్య అందరికన్నా గట్టిగా అరిచాడు. బిల్లు చట్టమైంది. సభ వానలు పడేదాకా వాయిదా పడింది.

మర్నాడు పొద్దున గుంటయ్య తన వాళ్లతో దర్జాగా మడుగుకి దిగాడు. ఒడ్డున నాలుగు ఏనుగులున్నాయి. పక్కనే కొమ్మ మీద చిలుక చట్టం చదువుతోంది. ఏడో అంశం దాకా వచ్చేసరికి గుంటయ్య తోక కిందికి జారిపోయింది. నీళ్లలో మోకాళ్లదాకా దిగి చుక్కమ్మ కడుపారా తాగుతోంది.

గుంటయ్య పరుగున చిప్పయ్య దగ్గరికి పోయాడు. "సభ పెట్టండి! రద్దు చెయ్యాలి!"

"వానలు పడ్డాకే" అని చిప్పయ్య తల లోపలికి లాక్కున్నాడు.

అక్కణ్నుంచి ఏదులమ్మ మీద పడ్డాడు. "మోసం! దగా! నాతో ఒక్క మాట చెప్పాలా వద్దా?"

ఏదులమ్మ అతన్ని నిలువునా చూసింది. "నోరు పడిపోయేలా అరిచాను గదరా, చదవండి చదవండని! నేనేదో గెలిచానని సంబరపడుతున్నాననుకున్నావా? కడుపు మండిపోతోంది. పదకొండేళ్లు మీ ఎదుట నిలబడి నిజం చెబితే ఒక్కటీ నెగ్గలేదు. మీరు విననందుకు నిన్న ఒకటి నెగ్గింది. ఇదీ ఒక సభేనా? వానలు పడ్డాక మళ్లీ వస్తా. మళ్లీ మాట్లాడతా. పో, వరసలో నిలబడు!"

గుంటయ్య వెళ్లి ఉడుతల వెనకాల, ఎండలో, నాలుక వేలాడేసుకుని నిలబడ్డాడు. ముందు ఇంకా నూట ఇరవై మంది ఉన్నారు.

నీతి: ఎదుటివాళ్ల మాట వినకుండా లేచిపోయేవాడు, తన మీద తానే ఏ చట్టానికి "అవును" అన్నాడో దాహమేసినప్పుడు తెలుసుకుంటాడు.