చేపలవీధి తీగ

రాజుల కాలం ముగిసిపోతూ కరెంటు కొత్తగా వస్తున్న రోజుల్లో, ఒక సంస్థానంలో ఊరి జనమంతా కలిసి రాళ్లు మోసి సొంత పవర్‌హౌసు కట్టుకున్నారు. దాన్ని పురపాలక సభ అధ్యక్షుడు భుజంగరావు, తన అబ్బసొమ్మైనట్టు, బావమరిది చలపతికి కట్టబెట్టబోయాడు.

"యజమాని మారతాడంతే. మీ దీపాలు ఎక్కడికీ పోవు," అన్నాడు సభలో.

మంత్రసాని సింహాలమ్మకు ఒళ్లు మండింది. దీపాల్లేని రోజుల్లో చేపలవీధిలో ఎందరు బాలింతలు చీకట్లో ప్రాణాలు వదిలారో ఆమె కళ్లారా చూసింది. అయినా గొంతు పెంచలేదు.

"అలాగే ఇచ్చీండి బాబూ. ఒక్కటే షరతు. మీ ఇద్దరిళ్లకీ మా చేపలవీధి తీగ నుంచే కరెంటు లాగండి. మాకుంటే మీకుంటాది, మాకు పోతే మీకూ పోతాది."

చలపతి ఉలిక్కిపడ్డాడు. "అదెలా కుదురుతుంది బావా? లాభం లేని ఆ తీగని ముందు పీకించేద్దామనుకుంటుంటే."

ఒప్పుకోలుగా చేతులెత్తబోయిన సభ్యులు మెల్లగా దించేసుకున్నారు. భుజంగరావు బావమరిది వైపు కొరకొరా చూశాడు.

"ఆయన్ని కోప్పడకండి బాబూ," అంది సింహాలమ్మ. "మీ ఇద్దరిలో నిజం చెప్పింది ఆయనొక్కడే."