నలభై ఒకటో గీత

ప్రొఫెసర్ కూర్మారావు గారికి ఒక అలవాటు ఉంది. శిష్యులు ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. లేచి పరికరం దగ్గరికి నడుస్తారు. అందుకే ఆ సోమవారం మధ్యాహ్నం ఆయన కుర్చీ వెనక్కి జరపగానే, పరిశోధక విద్యార్థిని షమీమ్‌కి జవాబు ఇప్పట్లో రాదని అర్థమైంది.

ఆమె అడిగింది ఇంతే: "ఒక ఫలితాన్ని ఎన్నిసార్లు చూస్తే నమ్మొచ్చు సార్? నేను నలభై సార్లు చూశాను."

టైము మూడయింది. ఐదింటికల్లా వ్యాసం పత్రికకు పంపాలి. షమీమ్ పరిశోధిస్తున్న అడవిదుంప మీదే వేరే ఊళ్లో ఇంకో బృందం పనిచేస్తోందని కబురు. ఇవాళ తప్పితే మూడేళ్ల శ్రమ వాళ్ల వెనక నిలబడుతుంది.

నాడీకణం పైపొరలో, గ్లూటమేట్ అనే రసాయనం తాకితే తెరుచుకునే సన్నని ద్వారాలు ఉంటాయి. వాటినే గ్రాహకాలంటారు. పక్షవాతంలో అవి అతిగా తెరుచుకుని కణాన్నే చంపుతాయి. షమీమ్ దుంపరసం వాటిని మూస్తోంది. ద్వారం గుండా పారే విద్యుత్తును చూపే గీత, తెరమీద నలభై సార్లూ సగానికి పడిపోయింది.

కూర్మారావు గారు ఆమె రసం వడకట్టే సిరంజీల్లోంచి కొత్తది ఒకటి విప్పి, మామూలు ఉప్పునీళ్లు నింపారు.

"నీ రసం ఇందులో ఎంతసేపు ఉంటుంది?"

"అరగంట సార్. కానీ ఉత్త నీళ్లకి ఏమీ కాదు. గాజుసీసాలోంచి ఎన్నిసార్లు పోసి చూశానో!"

"గాజుసీసాలోంచే పోశావు. కూర్చో."

ఇద్దరూ అరగంట ఆగారు. షమీమ్ గోడ గడియారాన్ని చూస్తోంది. ఆయన సిరంజి లోపలి నల్ల రబ్బరు ముక్కను చూస్తున్నారు. తర్వాత ఆ నీటిని కణం మీదికి వదిలారు. నలభై ఒకటో గీత లేచింది, ఆగింది, సగానికి కుంగింది.

"రబ్బరు తయారీలో జింకు వాడతారు. నీళ్లలోకి దిగేది లవలేశమే. ఈ ద్వారం మూసుకోవడానికి అంతే చాలు," అన్నారాయన. "నీ దుంప కంటే నీ సిరంజికే తెలివెక్కువలా ఉందమ్మా."

షమీమ్ నవ్వలేదు. "జింకు ఉన్నంతమాత్రాన రసం పనిచేయనట్టు కాదుగా సార్!" అంది.

"కాదు. చూడు మరి."

జింకు లాంటి లోహాలను పట్టి బంధించే మందును ఆమే తన రసంలో రెండు చుక్కలు కలిపింది. ఆమే కణం మీదికి వదిలింది. గీత లేచింది. పది సెకన్లు. ఇరవై. కిందికి దిగమని మనసులో బతిమాలుకుంటున్నట్టు ఆమె పెదవులు కదిలాయి. నిమిషం దాటినా గీత దిగలేదు.

నాలుగున్నరకు షమీమ్ కంప్యూటర్ ముందు కూర్చుని, పంపడానికి సిద్ధంగా ఉన్న వ్యాసాన్ని పక్కన పెట్టేసింది. తల తిప్పకుండానే అడిగింది:

"అయితే నలభై సార్లు నేను చూసిందంతా అబద్ధమా సార్?"

"ద్వారం మూసుకున్న మాట నిజమేనమ్మా," అన్నారు కూర్మారావు గారు. "మూసిందెవరని నువ్వు ఒక్క దుంపనే అడిగావు."