నల్లరాళ్ళపల్లె బడి పిల్లలు

రేవణస్వామి మఠం కింద ఏడు బడులు నడిచేవి. సంస్థానం వాళ్ళు ఏటా మాఘంలో ఒక రోజు పెట్టి, ఆ రోజు బడిలో కూర్చున్న పిల్లల్ని లెక్కించి, తలకింత అని సొమ్ము పంపేవారు. పదిమంది కన్నా తక్కువ తేలిన బడికి చిల్లిగవ్వ రాదు. అంటే ఆ బడి మూతపడ్డట్టే.

ఈ లెక్కలన్నీ చూసేవాడు సోమలింగం, స్వామివారి శిష్యుల్లో చురుకైనవాడు. కిందటేడు దివానుగారు వాడి చిట్టా తిరగేసి, వెంట్రుకవాసి తేడా లేదని మెచ్చుకున్నారు. అప్పట్నించీ అబ్బాయి నేలమీద నడవడం కాస్త తగ్గించాడు.

ఆ ఏడు నల్లరాళ్ళపల్లె బడిలో తొమ్మిదిమందే తేలారు. మర్నాడు జాబితా దివాణానికి పోతుందనగా, ఆ బడి పంతులు ఓబులయ్య పడుతూ లేస్తూ మఠంలో సోమలింగం దగ్గరికి వచ్చాడు.

“సామీ, ముప్పైమంది చదివే బడి అది. పత్తి తీతకు పోయినారు. తీత అయిపోతానే అందరూ వస్తారు. ఇప్పుడు బడి ఎత్తేస్తే ఇంక పలక పట్టరు సామీ.”

“ఆ రోజు బడిలో లేనివాళ్ళను లెక్కలో ఎట్లా వేసేది పంతులూ? నా చేత దొంగలెక్క రాయిస్తావా?”

ఓబులయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సోమలింగానికీ జాలి వేసింది. కానీ జాలికి చిట్టాలో గడి లేదు.

లోపల్నించి ఇదంతా విన్న రేవణస్వామి భోజనాల వేళకు శిష్యుణ్ణి పిలిచాడు.

“నాయనా, తాగే నీళ్ళు చాలేట్టు లేవు. వంకలో చెలమ నుంచి ఒక కావడి తెచ్చిపెట్టు.”

ఇసుకలో తవ్విన చెలమలో నీళ్ళు తీరిగ్గా ఊరతాయి. సోమలింగం రెండు కడవలూ నింపుకుని, చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి పంక్తి సగం భోజనంలో ఉంది. ఓబులయ్య కూడా కూర్చున్నాడు. సోమలింగం చోట ఆకు లేదు.

వంటాయన నసిగాడు. “గంట కొట్టినాక సామి తలలు లెక్కపెట్టినారు. అన్నే ఆకులు వెయ్యమన్నారు.”

“స్వామీ, మరి నాకు?”

“గంట కొట్టినప్పుడు నువ్వు పంక్తిలో లేవు కదా నాయనా.”

“మీరు పంపితేనే కదా వెళ్ళాను! వీళ్ళందరి నీళ్ళ కోసమే కదా!”

రేవణస్వామి ఆ నీళ్ళే ఒక చెంబు ముంచుకుని తాగాడు.

సోమలింగానికి ఒళ్ళు మండిపోయింది. అసలే ఆకలి, దానికి కోపం తోడైంది. ఇంకేదో అనబోయి, ముద్ద మింగలేక మింగుతున్న ఓబులయ్యను చూశాడు. సిగ్గుతో తల వాలిపోయింది.

స్వామి వంటాయన వైపు తిరిగాడు. “వాడికి ఆకు వెయ్యి.”

ఆకు పడింది, అన్నమూ పడింది. సోమలింగం మాత్రం కూర్చోలేదు. లోపలికి వెళ్ళి జాబితా, కలం తెచ్చుకున్నాడు.

“పత్తికి పోయిన పిల్లల పేర్లూ రాస్తాను. దివానుగారికి నేను చెప్పుకుంటాను. ఆ పత్తిచేలు ఎంత దూరం పంతులూ?”

“రెండు కోసులుంటాది సామీ.” ఓబులయ్య చెయ్యి కడుక్కోబోయాడు.

“నువ్వు నిదానంగా తిను. నేను ముందు నడుస్తుంటా.”